తెల్లవారుజామున నాలుగున్నర బెల్లు ఆపాలి

సంపాదకులకు నమస్కారం.

మరికొద్ది రోజుల్లో జూనియర్ కాలేజీలు తెరుచుకుంటాయి. పదో తరగతి పాసైన పిల్లలు ట్రంకుపెట్టె, పరుపు, బకెట్టు పట్టుకుని హాస్టళ్లలో దిగుతారు. ఫీజెంత, లెక్చరర్లు ఎవరు, పోయినేడు ఎన్ని ర్యాంకులు వచ్చాయి, మెస్సులో భోజనం ఎలా ఉంటుంది అని తల్లిదండ్రులు ఆరా తీస్తారు. రాత్రి ఎన్నింటికి లైట్లు ఆర్పుతారు, పొద్దున ఎన్నింటికి లేపుతారు అని అడిగేవాళ్లు అరుదు. అడిగినవాళ్లు కూడా 'నాలుగున్నరకే లేపేస్తామండీ' అన్న జవాబు వింటే సంబరపడతారు. ఇందులో సంబరపడాల్సింది ఏమీ లేదని, భయపడాల్సింది చాలా ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం కౌమార వయసు పిల్లల నిద్ర, మానసిక ఆరోగ్యం చూసే డాక్టర్లం, కౌన్సెలర్లం.

ముందు లెక్క చూద్దాం. రాత్రి స్టడీ అవర్ ముగిసి గదికి వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. పళ్లు తోముకుని, బట్టలు సర్దుకుని, లైటు ఆర్పేసరికి పదకొండు. కన్ను అంటుకునేసరికి పదకొండున్నర. నాలుగున్నర బెల్లుకు లేవనివాళ్ల తలుపు 4:45కి వార్డెన్ కొడతాడు. నిద్ర 5 గంటల 15 నిమిషాలు. అమెరికన్ నిద్రవైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తక్కువలో తక్కువ 8 అనుకున్నా రోజుకు 2 గంటల 45 నిమిషాలు అప్పు. వారంలో ఆరు రోజులకు 16 గంటల 30 నిమిషాలు. అంటే ప్రతి వారం రెండు రాత్రుల నిద్ర పూర్తిగా ఎగిరిపోతున్నట్టు లెక్క. ఆదివారం రెండు గంటలు అదనంగా పడుకున్నంత మాత్రాన ఈ అప్పు తీరదు.

'త్వరగా పడుకోవచ్చు కదా' అంటారు పెద్దలు. అది పిల్లల చేతిలో ఉన్న పని కాదు. యుక్తవయసు మొదలయ్యేసరికి ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే, ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను, ఈ వయసులో చిన్నప్పటికంటే గంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. దానికి తోడు, పగలంతా మెలకువగా ఉన్నకొద్దీ పేరుకోవాల్సిన నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగా పేరుకుంటుంది. అందుకే పదేళ్ల తమ్ముడు తొమ్మిదింటికే సోఫాలో ఒరిగిపోతే, పదహారేళ్ల అన్న పదకొండింటికి కూడా కళ్లు చక్రాల్లా తెరుచుకుని కూర్చుంటాడు. ఇది మొండితనం కాదు, ఒంటి తీరు. వయసు పెరిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందన్నది కూడా పొరపాటే. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వేసవి శిబిరాల్లో మేరీ కార్‌స్కాడన్ బృందం పిల్లలకు రాత్రి పదేసి గంటలు పడుకునే వీలిచ్చి, వాళ్ల నిద్రను కొలిచింది. వయసుతోపాటు నిద్ర తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. పెద్ద పిల్లలు కూడా తొమ్మిది గంటలకు పైనే పడుకున్నారు.

తెల్లవారుజాము స్టడీ అవర్ ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. ట్యూబ్‌లైటు కింద వరసగా బెంచీలు. అయిదుంబావు. ముందు ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఉంటుంది. నోట్సులో మొదటి నాలుగు లైన్లు గుండ్రంగా, ఒద్దికగా ఉంటాయి. అయిదో లైను కిందికి వాలుతుంది. ఆరో లైనులో అక్షరం గీతగా మారి పేజీ అంచుదాకా జారిపోతుంది. అక్కడ పిల్లాడు నిద్రపోయాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది, కళ్లు కూడా సగం తెరిచే ఉన్నాయి. తిరుగుతూ వచ్చిన సారు భుజం మీద తట్టి వెనక నిలబెడతారు. నిలబడ్డవాడు గోడకు ఆనుకుని మళ్లీ తూలతాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నిలబడి నిద్రపోతున్నాడంటే వాడికి బద్ధకం ఉన్నట్టు కాదు, నిద్ర కరువైనట్టు. ఆ రెండు గంటల్లో చదివింది ఏమీ నిలవదు. పైగా పగలు చదివింది మెదడులో కుదురుకోవాల్సిన సమయం కూడా అదే. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో వస్తుంది. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజాము గంటల్లోనే ఉంటుంది. మనసుకు తగిలిన దెబ్బల పదును కొంత తగ్గించేది ఈ రెండో రకం నిద్రే అని పరిశోధకులు భావిస్తున్నారు. నాలుగున్నర బెల్లు సరిగ్గా దాన్నే కోసేస్తోంది.

నిద్ర తగ్గితే కునుకుపాట్లు వస్తాయని అందరికీ తెలుసు. కోపం, దిగులు, దుడుకుతనం కూడా వస్తాయన్నదే మనం పట్టించుకోవడం లేదు. అమెరికాలోని సిన్సినాటిలో 14 నుంచి 17 ఏళ్ల పిల్లలు 50 మందిని ఒక ప్రయోగంలో అయిదు రాత్రులు ఆరున్నర గంటలే మంచం మీద ఉండనిచ్చారు. మరో అయిదు రాత్రులు పది గంటలు పడుకోనిచ్చారు. నిద్ర తగ్గిన వారంలో అదే పిల్లలు ఎక్కువ కోపంగా, ఆందోళనగా, గందరగోళంగా ఉన్నారు. తమ భావాలను తాము అదుపు చేసుకోలేకపోతున్నారని తల్లిదండ్రులూ చెప్పారు, పిల్లలూ చెప్పారు. 2014లో వచ్చిన ఈ ఫలితం మాకు ముఖ్యం. ఎందుకంటే వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. మార్చింది నిద్రను మాత్రమే. అదీ ఆరున్నర గంటలకు. మన హాస్టళ్లలో ఆరున్నర గంటల నిద్ర అంటే పండగ.

ఇక పెద్ద సర్వేల సంగతి. 2007 నుంచి 2015 వరకు అమెరికా హైస్కూలు విద్యార్థులు 67,615 మంది ఇచ్చిన జవాబులను 2018లో విశ్లేషించారు. 8 గంటలు పడుకునేవాళ్లతో పోలిస్తే 6 గంటల లోపు పడుకునేవాళ్లలో మద్యం, పొగాకు, మత్తుపదార్థాలు, ప్రమాదకరమైన డ్రైవింగ్, కొట్లాటలు ఎక్కువగా కనిపించాయి. అన్నిటికంటే బలమైన సంబంధం మనోస్థితితోనే. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పినవాళ్లు మూడు రెట్లకు పైగా ఉన్నారు. అంతకుముందు 2010లో 15,659 మంది మీద వచ్చిన మరో పరిశోధనలో, ఇంట్లో పదింటికే పడుకోవాలన్న నియమం ఉన్న పిల్లలకంటే, అర్ధరాత్రి దాటాక పడుకున్నా ఫరవాలేదన్న ఇళ్లలోని పిల్లల్లో కుంగుబాటు 24 శాతం ఎక్కువగా కనిపించింది. సర్వేలు సంబంధాన్ని చూపిస్తాయే గాని కారణాన్ని తేల్చవు. దిగులుగా ఉన్న పిల్లాడికి నిద్ర పట్టదు, నిద్ర పట్టనివాడికి దిగులు పెరుగుతుంది. రెండూ నిజమే. కానీ ఈ చక్రంలో మన చేతికి తేలిగ్గా అందే చోటు నిద్రే.

దుడుకుతనం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పని చేయాలనిపించడానికీ, చేయడానికీ మధ్య 'ఆగు' అనే భాగం మెదడు ముందువైపు ఉంటుంది. అది పూర్తిగా పండేది ఇరవై దాటాకే. నిద్ర తగ్గితే ముందుగా మందగించేదీ అదే. భయం, కోపం పుట్టించే లోపలి భాగం మాత్రం నిద్ర లేనప్పుడు మరింత చురుగ్గా స్పందిస్తుంది. బ్రేకు అరిగి, యాక్సిలరేటరు బిగుసుకుపోయిన బండి లాంటి స్థితి అది. గోడ దూకి సినిమాకు వెళ్లడం, మొదటి సిగరెట్టు, చిన్న మాటకు చేయి చేసుకోవడం, ఒక పరీక్షలో మార్కులు తగ్గగానే 'ఇక నా పని అయిపోయింది' అనుకోవడం. వీటన్నిటికీ నిద్రలేమే కారణమని మేం అనం. కానీ క్రమశిక్షణ పేరుతో ఇంకో గంట నిద్ర తగ్గిస్తే ఇవి తగ్గుతాయనుకోవడం మాత్రం తప్పు.

ఇళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లల విషయంలో బండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దల మీద చేసిన పరీక్షల్లో, ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే నేరం. ఇప్పుడు లెక్కేయండి. పొద్దున 4:45కి లేచిన పిల్లాడికి 17 గంటలు రాత్రి 9:45కి నిండుతాయి. సరిగ్గా ట్యూషన్ వదిలి స్కూటీ ఎక్కే వేళ. చుక్క ముట్టని పిల్లాడు తాగినవాడికంటే మందంగా బండి నడుపుతున్నాడు. 40 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలితే బండి 33 మీటర్లు తనంతట తాను పోతుంది. ఇక్కడ ఇంకో సంగతి. 18 నిండకుండా గేర్లున్న బండికి లైసెన్సే లేదు. 16 నిండితే 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే. మైనరు బండి నడిపి నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. రాత్రి ట్యూషన్ నుంచి పిల్లల్ని పెద్దవాళ్లే తెచ్చుకోవాలి, లేదా ఆ ట్యూషన్ మానిపించాలి.

'బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుంది, మేమంతా అలా చదివినవాళ్లమే' అనే పెద్దల మాటను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కోడికూతకు లేచిన ఆ తరం రాత్రి ఎనిమిదింటికల్లా మంచమెక్కేది. కరెంటు దీపమే సరిగ్గా లేని ఊళ్లలో పదకొండింటిదాకా మేలుకునే అవసరమూ లేదు. ఎనిమిదికి పడుకుని నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటల నిద్ర. మనం వాళ్ల నుంచి లేచే వేళను తీసుకున్నాం, పడుకునే వేళను వదిలేశాం.

మరి చదువు మాటేమిటి? ఒక దినచర్య రాసి చూపిస్తాం. 6:45కి లేవడం. స్నానం, టిఫిన్, కాస్త ఎండలో నడక. 8 నుంచి 12:30 దాకా క్లాసులు, మధ్యలో పావుగంట విరామం. భోజనం, 20 నిమిషాల కునుకు. 1:30 నుంచి 4:30 దాకా క్లాసులు. టీ, ఆట, కబుర్లు. 6 నుంచి 7:45 దాకా చదువు. భోజనం. 8:30 నుంచి 9:30 దాకా చివరి స్టడీ అవర్. 10:15కి లైట్లు బంద్. ఇందులో చదువు సరిగ్గా పది గంటలు వచ్చింది, నిద్ర ఎనిమిది గంటలు మిగిలింది. పది గంటల్లో రాని ర్యాంకు పదమూడు గంటల్లో, అందులో మూడు గంటలు తూలుతూ చదివితే వస్తుందా? నీట్ పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది. జేఈఈ మెయిన్ రెండో షిఫ్టు 3 నుంచి 6. పిల్లల మెదడు మెరవాల్సిన వేళలు అవి. మన హాస్టళ్లలో పిల్లలు సరిగ్గా ఆ వేళకే బెంచీ మీద తల వాలుస్తున్నారు.

ఇది చేయలేని పని కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ల వేళను 7:50 నుంచి 8:45కి మార్చారు. పిల్లలు ఆ గంటను ఫోనులో పోగొడతారని చాలామంది అనుకున్నారు. చేతికి కట్టిన పరికరాలతో కొలిస్తే రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి హైస్కూళ్లు 8:30కి ముందు తెరవకూడదని చట్టమే ఉంది. మన కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా కోచింగ్ రోజుకు 5 గంటలు మించకూడదని, మరీ తెల్లవారుజామున, మరీ రాత్రి పొద్దుపోయాక పెట్టకూడదని, వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదని ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని అమలు చేయమనే అడుగుతున్నాం.

హాస్టల్ గదుల విషయంలో చిన్న మార్పులు చాలు. పదిమందికి ఒకే స్విచ్ ఉంటే, ఒకడు చదువుతానంటే తొమ్మిదిమంది నిద్ర పాడవుతుంది. చదివేవాళ్లకు వేరే గది ఉండాలి, అదీ 10:15కి మూసెయ్యాలి. వరండా లైటు కిటికీలోంచి మొహాల మీద పడకుండా తెర కట్టాలి. దోమతెరలు ఇవ్వాలి. కునికేవాణ్ని నిలబెట్టడం, మొహం మీద నీళ్లు చల్లడం మానాలి. ఒక పిల్లాడు వరసగా మూడు రోజులు క్లాసులో నిద్రపోతే 'రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా' అని పక్కకు పిలిచి అడగాలి. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో హోంవర్కు పెట్టే అలవాటు కాలేజీలు మానుకోవాలి. ఎనిమిది తర్వాత ఏ సందేశమూ వద్దు.

ఇంట్లో ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. సెలవుల్లో రాత్రి రెండింటికి పడుకుని పదింటికి లేచే పిల్లాణ్ని, కాలేజీ తెరిచే ముందురోజు తొమ్మిదిన్నరకే మంచమెక్కిస్తారు. వాడికి నిద్ర రాదు. రావడం సాధ్యమూ కాదు. అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు బాగా మెలకువగా ఉంటుంది, ఆ వేళలో బలవంతాన కన్ను మూయించడం ఎవరి తరమూ కాదు. రెండు గంటలు దొర్లాక పిల్లాడికి 'నాకు నిద్ర పట్టదు' అన్న భయం మొదలవుతుంది. మంచం చూస్తేనే కంగారు పుట్టే స్థితి అలాగే తయారవుతుంది.

కాబట్టి పడుకునే వేళతో కాదు, లేచే వేళతో మొదలుపెట్టండి. రెండు రోజులకోసారి పావుగంట ముందు లేపండి. పదింటి నుంచి 6:45కి రావాలంటే పదమూడు మెట్లు, అంటే 26 రోజులు. నెలరోజుల ముందే మొదలుపెట్టాలన్నమాట. లేచిన అరగంటలోపు డాబా మీదో వీధిలోనో 20, 30 నిమిషాలు పగటి వెలుగులో ఉండాలి. గదిలో ట్యూబ్‌లైటు దీనికి సరిపోదు. పొద్దుటి వెలుగే ఒంటి గడియారాన్ని ముందుకు తిప్పుతుంది. పడుకునే వేళ దానంతట అదే వెనక నుంచి వస్తుంది. ఆదివారం కూడా గంటకు మించి ఆలస్యంగా లేవనివ్వకండి. పదకొండు దాకా పడుకుంటే ఆ రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. పగటి కునుకు 20 నిమిషాలు, అదీ మూడు లోపు. సాయంత్రం ఆరింటికి గంటన్నర పడుకుంటే రాత్రి నిద్ర ఖర్చయిపోయినట్టే. మంచమెక్కి 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, తక్కువ వెలుగులో కూర్చుని ఏదైనా తేలికైన పుస్తకం చదివి, ఆవలింత వచ్చాక మళ్లీ వెళ్లాలి.

ఫోను రాత్రి తొమ్మిదిన్నరకు వంటింటి అలమరలో ఛార్జింగుకు పెట్టాలి. 'అలారం కోసం పక్కన ఉండాలి' అంటారు పిల్లలు. ఓ అలారం గడియారం కొనిపెట్టండి. అమ్మానాన్నల ఫోన్లు కూడా అదే అలమరలో ఉంటేనే ఈ నియమం నిలుస్తుంది. దుప్పటి కింద రీల్స్ చూసేవాడికి వెలుగు ఒక్కటే ఇబ్బంది కాదు. తరవాతది ఏమొస్తుందోనన్న ఆత్రం మెదడును పడుకోనివ్వదు. కాఫీ, టీల విషయానికొస్తే కెఫీన్ సగానికి తగ్గడానికే ఇంచుమించు అయిదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండింటికి ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. ఎనర్జీ డ్రింకు 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. పిల్లలకు తగదని డబ్బా మీదే రాసి ఉంటుంది. దాన్ని పరీక్షల ముందు రాత్రి పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆపండి. మెలటోనిన్ మాత్రలు, గమ్మీలు డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి.

అన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూలుతున్న పిల్లలుంటారు. గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడడం, నోరు తెరిచి పడుకోవడం ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. టాన్సిల్స్, ఊబకాయం కారణం కావచ్చు. పడుకోగానే కాళ్లు లాగుతున్నాయి, కదిలిస్తే గాని ఉండలేను అనే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి. ఇనుము నిల్వలు తక్కువైతే ఈ బాధ వస్తుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 'కుంభకర్ణుడి చెల్లెలు' అని ఇంట్లో వెక్కిరింపులు పడే పిల్లకు కావాల్సింది ఐరన్ మాత్రలు కావచ్చు.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయకూడదు. రెండు వారాలకు పైగా నిద్ర చెదిరి, దానికి తోడు తిండి తగ్గి, ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోక, స్నేహితులకు దూరమై, 'నేను లేకపోతే మీకే హాయి' లాంటి మాటలు వస్తుంటే అది నిద్ర అలవాట్లతో సర్దుకునే విషయం కాదు. 'చనిపోవాలనిపిస్తోందా అమ్మా' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. ఆ కౌన్సెలర్లు ప్రతి పిల్లాణ్నీ మొదట అడగాల్సిన ప్రశ్న 'రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు' అన్నదే. రెండు వారాలపాటు పడుకున్న వేళ, లేచిన వేళ, పగలు తూలిన సార్లు, ఆ రోజు మనసెలా ఉందో చిన్న పుస్తకంలో రాయిస్తే చాలావరకు సంగతి అందులోనే బయటపడుతుంది.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులనూ మేం కోరేది ఇది. కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు, పొడిగించేటప్పుడు హాస్టల్ దినచర్య కాగితం కూడా తీసుకోండి. లైట్లు ఆర్పే వేళకూ లేపే వేళకూ మధ్య ఎనిమిదిన్నర గంటలు లేని కాలేజీకి సంతకం పెట్టకండి. ఆ కాగితాన్ని అడ్మిషన్ కౌంటర్ దగ్గర, ఫీజుల బోర్డు పక్కనే అతికించమనండి. అధికారులు తనిఖీకి పగలు పదకొండింటికి కాకుండా ఒకసారి తెల్లవారుజామున అయిదింటికి వెళ్లాలి.

ఇట్లు,
కౌమార వయసు పిల్లల నిద్ర, మానసిక ఆరోగ్యంపై పనిచేస్తున్న డాక్టర్లు, కౌన్సెలర్లు